నిద్రలో ఉన్న పసివాడి గుండె ఒక్కసారిగా 248: మానిటర్ అంకెను ఎంతవరకు నమ్మాలి?

చిన్నూవాళ్ళమ్మ | రాజమండ్రి | సోమవారం ఉదయం

అందరికీ నమస్కారం. మా బాబుకి నెలన్నర. జలుబు ఛాతీకి దిగి, పాలు తాగలేక డొక్కలు ఎగరేస్తుంటే ఇక్కడే ఒక పిల్లల ఆసుపత్రిలో చేర్పించాం. కొద్దిగా ఆక్సిజన్ పెట్టారు. కాలి బొటనవేలికి ఎర్రలైటు క్లిప్పు, ఛాతీ మీద మూడు స్టిక్కర్లు, పక్కన మానిటర్.

రాత్రి వాడు నిద్రలో ఉన్నాడు. ఏడవలేదు, కదల్లేదు. 150 దగ్గర ఆడుతున్న అంకె ఉన్నట్టుండి 248 అయింది. అలారం మోగింది. సిస్టర్ వచ్చి స్టిక్కర్లు మార్చింది. అయినా 247, 248, 248, అంతే. ఒకటి అటూ ఇటూ తప్ప కదల్లేదు. డ్యూటీ డాక్టరు వచ్చేలోపు టక్కున 146కి పడిపోయింది. "సాయంత్రం నెబులైజేషన్ పెట్టాం కదమ్మా, ఆ మందుకి గుండె వేగం పెరుగుతుంది" అన్నారు. పొద్దున పెద్ద డాక్టరు గారు చూసి మాత్రం ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్) తీయిద్దాం, హోల్టర్ (రోజంతా గుండె లయను రికార్డు చేసే చిన్న పెట్టె) కూడా పెడదాం అన్నారు.

మా అత్తగారేమో జలుబుకి తీసుకొస్తే గుండె దాకా తీసుకెళ్తున్నారు, పసిగుడ్డుకి ఇన్ని తీగలెందుకు అంటున్నారు. ఇది మందు వల్లనా, మిషన్ తప్పా, నిజంగానే ఏమైనా ఉందా? ఎవరైనా చెప్పండి.

ఐసీయూ_సిస్టర్ | విశాఖపట్నం | సోమవారం

అమ్మా, మీరు రాసిన దాంట్లో అన్నిటికన్నా ముఖ్యమైనది 248 కాదు. "ఉన్నట్టుండి" ఎక్కింది, "టక్కున" దిగింది, మధ్యలో కదల్లేదు. ఈ మూడూ డాక్టరు గారికి ఇదే మాటల్లో చెప్పండి.

జ్వరానికో, నొప్పికో, నెబులైజేషన్‌కో గుండె వేగం పెరిగితే మెల్లగా ఎక్కుతుంది, మెల్లగా దిగుతుంది. బిడ్డ ఊపిరి తీసినా, మెలకువ వచ్చినా అంకె 170, 182, 176 అని మారుతూనే ఉంటుంది. గంటసేపు చూస్తే ఏటవాలుగా గీత కనిపిస్తుంది. మీరు చెప్పింది అలా లేదు.

ఇప్పుడే ఒక పని చేయండి. చాలా మానిటర్లు అలారం మోగిన సమయంలోని ఈసీజీ గీతను కొన్ని సెకన్లు జ్ఞాపకంలో దాచుకుంటాయి. దాన్ని వెనక్కి జరిపి చూడొచ్చు, ప్రింటు తీయొచ్చు. బాబుని ఆ మానిటర్ నుంచి తీసేసి, ఇంకో బిడ్డ పేరు ఎక్కించారంటే పాతది చెరిగిపోవచ్చు. అందుకే ఈ షిఫ్టులోనే ఇన్‌చార్జి సిస్టర్‌ని మర్యాదగా అడగండి: "రాత్రి వచ్చిన 248 ఈవెంట్ స్ట్రిప్ తీసి కేస్‌షీట్‌లో పెట్టండి" అని. ప్రింటర్ లేకపోతే తెర మీద ఆపించి ఫోనుతో ఫొటో తీసుకోండి. అంకె ఒక్కటే కాదు, గీత కూడా పడాలి.

యంత్రాల_మూర్తి | గుంటూరు | సోమవారం

నేను ఆసుపత్రి పరికరాల మరమ్మతు చేసేవాణ్ణి. సిస్టర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మిషన్ తప్పా అని అడిగారు కాబట్టి ఆ సంగతి చెప్తాను.

మానిటర్ తప్పు చూపడం ఉంది. ఈసీజీలో ప్రతి కొట్టుకోలుకీ ఒక నిటారు మొన, దాని వెనక ఒక గుండ్రటి అల వస్తాయి. కొందరు పిల్లల్లో ఆ రెండో అల పొడుగ్గా ఉంటే మిషన్ దాన్ని కూడా ఇంకో కొట్టుకోలుగా లెక్కపెడుతుంది. అప్పుడు అసలు 120 ఉంటే తెర మీద 240 పడుతుంది, సరిగ్గా రెట్టింపు. రెండోది కదలిక. బిడ్డను ఒళ్ళో వేసుకుని వీపు తట్టినా, కఫం కదలడానికి ఫిజియోథెరపీ చేసినా, పెద్ద పిల్లలు పళ్ళు తోముకుంటున్నా తెర మీద భయంకరమైన గీత వస్తుంది. చూసినవాళ్ళు గుండె కింది గదుల నుంచి పుట్టే ప్రమాదకరమైన వేగపు లయ, వెంట్రిక్యులర్ టాకీకార్డియా అనుకుని పరుగెత్తుకొస్తారు.

తేడా పట్టుకోవడానికి కాలి క్లిప్పు చూడాలి. అది రక్తప్రవాహాన్ని కొలుస్తుంది, కరెంటును కాదు. ఈసీజీ 248 అంటున్నప్పుడు క్లిప్పు పల్స్ 124 దగ్గర నింపాదిగా నడుస్తుంటే ఈసీజీ మీద అనుమానపడాలి. రెండూ 248 అంటే నిజమే అనుకోవాలి. కాకపోతే క్లిప్పు ఊగిపోయి అసలు అలే రాకపోతే దాని మాట లెక్కలోకి తీసుకోకూడదు. స్టెతస్కోపు పెట్టి వినడం అన్నిటికన్నా తేలిక.

మీకు ఆ సమయంలో క్లిప్పు పల్స్ ఎంత ఉందో గుర్తుందా?

చిన్నూవాళ్ళమ్మ | రాజమండ్రి | సోమవారం

మా ఆయన వీడియో తీశారు, ఇప్పుడు చూశాం. ఈసీజీ 247, కింద నీలం రంగు పల్స్ 245. వీపు తట్టలేదు. స్ట్రిప్ అడిగాం, తీసి ఇచ్చారు. డాక్టరు గారు దాన్ని చూసి గుండె డాక్టరుకి పంపించారు.

ఓరుగల్లు_నాన్న | వరంగల్ | సోమవారం రాత్రి

చెల్లె, నువ్వు అదృష్టవంతురాలివి, మానిటర్ మీద ఉన్నప్పుడే దొరికింది. మాకు దొరకడానికి చానా రోజులు పట్టింది.

మా బిడ్డకు తొమ్మిదేండ్లు. ఆడుకుంటా ఆడుకుంటా ఆగిపోయి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని "నాన్నా, లోపల గుర్రం ఉరుకుతుంది" అనేది. మొఖం తెల్లగ పాలిపోయేది. డాక్టరు దగ్గరికి పోయేలోపు మామూలుగ అయ్యేది. ఈసీజీ తీస్తే మంచిగనే ఉండేది. ఒక డాక్టరు పరీక్షల భయం అన్నడు. ఇంకొకరు రక్తం తక్కువ అన్నరు, ఐరన్ మందు తాగించినం. హోల్టర్ పెట్టిన 24 గంటలు ఒక్కసారి కూడా రాలే. అది తీసిన మరునాడే వచ్చింది.

ఆఖరికి ఒక గుండె డాక్టరు చేతి మీద వేలు పెట్టి నాడి లెక్కపెట్టడం మాకు నేర్పిచ్చి, ఛాతీకి అతికించే ప్యాచ్ రికార్డరు ఇచ్చిండు, రెండు వారాలు ఉండేది. దాంట్ల దొరికింది, 215. ఎస్‌వీటీ అనే వేగపు లయ. మందులు కొన్నాళ్ళు వాడినం, తర్వాత అబ్లేషన్, అంటే లోపలికి తీగ పంపి ఆ చోటు కాల్చుడు, చేయించినం. ఇప్పుడు కబడ్డీ ఆడుతుంది.

నేను చెప్పేదేందంటే, మామూలప్పుడు తీసిన ఈసీజీ మంచిగున్నదంటే ఏం లేదని కాదు. వచ్చినప్పుడు తీసిందే లెక్క.

పిల్లల_గుండె_వైద్యుడు | హైదరాబాద్ | మంగళవారం

చిన్నూ తల్లిగారికి, ముందుగా ఒక మాట. ఇక్కడ నేను రాసేది మీ డాక్టరు గారి నిర్ణయానికి బదులు కాదు. ఆయన దారి సరైనదే. అత్తగారికి కూడా ఇది చదివి వినిపించండి.

పసిపిల్లల గుండె మామూలుగానే మనకన్నా చాలా వేగం. నెలన్నర బిడ్డ నిద్రలో 120, మెలకువలో 150, గుక్కపట్టి ఏడిస్తే 190 వరకు వెళ్ళడం సహజం. ఒంటి వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే సుమారు 10 పెరుగుతుంది. అందుకే ఏడాది లోపు పిల్లల్లో 220, ఆపై వయసువాళ్ళలో 180 దాటితేనే మేము ఎస్‌వీటీ అని గట్టిగా అనుమానిస్తాం. అంటే సుప్రావెంట్రిక్యులర్ టాకీకార్డియా. పిల్లల్లో లక్షణాలతో బయటపడే వేగపు లయల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే.

ఎందుకొస్తుందంటే, గుండె పైగదుల నుంచి కింది గదులకు కరెంటు వెళ్ళడానికి ఒకే దారి ఉండాలి, ఏవీ నోడ్ అని. కొందరు పిల్లల్లో పుట్టుకతోనే పక్కన సన్నటి కండతీగ ఒకటి మిగిలిపోయి రెండో దారి అవుతుంది. ఒక దారిలో దిగిన కరెంటు రెండో దారిలో పైకెక్కి మళ్ళీ మొదటి దారిలో దిగుతూ చుట్టూ తిరగడం మొదలుపెడితే ఆ తిరుగుడు ఆగేదాకా వేగం ఆగదు. అందుకే స్విచ్ వేసినట్టు మొదలవుతుంది, స్విచ్ తీసినట్టు ఆగుతుంది, మధ్యలో అంకె మారదు. పసివాళ్ళలో ఈ రకమే ఎక్కువ. పదేళ్ళు దాటిన పిల్లల్లో ఏవీ నోడ్‌లోనే రెండు దారులుండే రకం పెరుగుతుంది.

నెబులైజేషన్ సంగతి. సాల్బుటమాల్ గుండె వేగం పెంచుతుంది, నిజమే. కానీ మామూలు లయలోనే, మెల్లగా పెంచుతుంది. పక్కదారి ఉన్న బిడ్డలో మాత్రం ఎస్‌వీటీ మొదలవడానికి అదే కారణం కావచ్చు. ఛాతీ జలుబు కూడా కావచ్చు. అంటే డ్యూటీ డాక్టరు చెప్పినది, పెద్ద డాక్టరు అనుమానించినది రెండూ ఒకే రాత్రి నిజమవ్వచ్చు.

పసివాళ్ళు దడగా ఉందని చెప్పలేరు, అదే కష్టం. ఇంట్లో ఇది మొదలై ఎవరూ గమనించకపోతే మొదటి కొన్ని గంటలు బిడ్డ బాగానే ఉంటాడు. ఒకటి రెండు రోజులు ఆగకుండా సాగితే గుండె అలిసిపోతుంది. పాలు మానేయడం, చెమటలు, బూడిద రంగు, ఆయాసం, కాలేయం పెరగడం వరుసగా వస్తాయి. అప్పుడు తీసుకొస్తే చాలాసార్లు నిమోనియా అనో, రక్తంలో ఇన్ఫెక్షన్ అనో ముందు అనుకుంటారు. మీ బాబుది తెర మీద కొద్ది నిమిషాల్లోనే కనబడింది.

ఈసీజీలో డెల్టా వేవ్, అంటే పక్కదారిలో కరెంటు ముందే దిగడం వల్ల నిటారు మొన మొదట్లో కనబడే ఏటవాలు గీత, ఉందేమో అడగండి. ఉంటే దాన్ని డబ్ల్యూపీడబ్ల్యూ అంటాం, 1930లో మొదట వివరించిన వుల్ఫ్, పార్కిన్సన్, వైట్‌ల పేరు మీద. మందు ఎంపిక దాన్నిబట్టి మారుతుంది.

చిన్నూవాళ్ళమ్మ | రాజమండ్రి | బుధవారం

డాక్టరు గారూ, మీకు దణ్ణం. మా అత్తగారికి చదివి వినిపించాను. "మరి చెప్పరేం" అని ఇప్పుడు ఆవిడే మానిటర్ ముందు నుంచి కదలడం లేదు.

ఇవాళ పొద్దున మళ్ళీ వచ్చింది, 244. ఈసారి పెద్ద డాక్టరు గారు వార్డులోనే ఉన్నారు. ముందు ఈసీజీ మిషన్ తగిలించి, కాగితం నడుస్తుండగానే పాలిథిన్ సంచిలో ఐసు ముక్కలు, నీళ్ళు కలిపి బాబు ముఖం మీద పెట్టారు. మొదటిసారి ఆగలేదు. రెండోసారికి ఆగింది. వాడు ఏడ్చిన ఏడుపు తలచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి. ఆగిన క్షణం కాగితం మీద పడింది. తర్వాత తీసిన ఈసీజీలో డెల్టా వేవ్ ఉందన్నారు. ఎకోలో గుండె నిర్మాణం అంతా బాగుంది.

ఐసు మేం ఇంట్లో పెట్టొచ్చా?

ఐసీయూ_సిస్టర్ | విశాఖపట్నం | బుధవారం

డిశ్చార్జికి ముందు మీ డాక్టరు మీ చేత చేయించి చూసి, సరే అంటేనే పెట్టాలి. నేను వార్డులో తల్లులకు చూపించేది ఇది: సంచిలో సగం ఐసు, సగం నీళ్ళు. నుదురు, కళ్ళు, ముక్కు పైభాగం మీద ఆనించాలి. నోరు, ముక్కు రంధ్రాలు మూయకూడదు. 10, 15 సెకన్లు, అంతే. ఐసు ముక్కను నేరుగా చర్మానికి తగిలించకూడదు. కళ్ళు నొక్కడం అనే పాత పద్ధతి ఒకటుంది, ఎవరు చెప్పినా చేయొద్దు, కంటిపొర చిరిగిపోగలదు. బిడ్డ రంగు మారినా, మత్తుగా ఉన్నా ఐసుతో ప్రయత్నాలు చేస్తూ కూర్చోవద్దు. నేరుగా ఆసుపత్రికి, 108కి ఫోన్.

ఓరుగల్లు_నాన్న | వరంగల్ | బుధవారం

మా బిడ్డకు ఐసు కాదు, సిరంజి నేర్పిండ్రు. 10 ఎంఎల్ ఖాళీ సిరంజి నోట్ల పెట్టుకుని లోపలి కడ్డీ కదిలేంత గట్టిగ 15 సెకన్లు ఊదాలె, ఎంటనే పండబెట్టి కాళ్ళు పైకి లేపాలె. ఒకపాలి ఆగింది, ఒకపాలి ఆగలే. ఆగనినాడు క్యాజువాల్టీకి తీస్కపోతే అడెనోసిన్ సూది ఇచ్చిండ్రు. ఇచ్చే ముందు డాక్టరు మమ్మల్ని పక్కకు పిలిచి చెప్పిండు, "తెర మీద రెండు మూడు సెకన్లు గీత చదునుగ అవుతది, భయపడకుండ్రి" అని. చెప్పినంక కూడ నా ప్రాణం పోయినంత పనైంది. బిడ్డ "ఎవరో ఛాతీ మీద కూసున్నరు" అన్నది. అంతల్నే 95కి వచ్చింది.

పిల్లల_గుండె_వైద్యుడు | హైదరాబాద్ | బుధవారం

వరంగల్ తండ్రిగారు చెప్పిన పద్ధతి మీద బ్రిటన్‌లో పెద్దవాళ్ళతో రివర్ట్ అనే అధ్యయనం జరిగింది, 2015లో వచ్చింది. కూర్చుని ఊదితే 17 శాతం మందిలో ఆగింది, ఊదిన వెంటనే పడుకోబెట్టి కాళ్ళు లేపితే 43 శాతం మందిలో. చెప్పింది అర్థం చేసుకునే వయసు పిల్లలకు ఇప్పుడు మేమూ ఇదే నేర్పిస్తున్నాం.

అడెనోసిన్ రక్తంలో పది సెకన్లు కూడా నిలవదు. అందుకే గుండెకు దగ్గరి సిరలో వేగంగా ఇచ్చి, వెంటనే సెలైన్ తోయాలి. ఇచ్చేటప్పుడు ఈసీజీ కాగితం తప్పనిసరిగా నడుస్తూ ఉండాలి. ఎందుకంటే లయ ఆగకపోయినా ఆ రెండు సెకన్ల విరామంలో కింద దాగిన లయ బయటపడుతుంది. అప్పుడే పుట్టిన పిల్లల్లో ఏట్రియల్ ఫ్లట్టర్ (పైగదులు అతివేగంగా కొట్టుకోవడం) ఇలాగే దొరుకుతుంది, సూదితో పోదు, రోగం పేరు మాత్రం తెలుస్తుంది. దానికి షాక్ ఇచ్చి సరిచేస్తాం.

చిన్నూకి డెల్టా వేవ్ ఉంది కాబట్టి డిగాక్సిన్, వెరపమిల్ వాడరు. అవి అసలు దారిని నెమ్మది చేసి పక్కదారికి పని పెంచే ప్రమాదం ఉంది. వెరపమిల్ అయితే ఏడాదిలోపు పిల్లలెవరికీ సిరలోకి ఇవ్వం. ఎక్కువగా ప్రొప్రనలాల్ మొదలుపెడతారు. కాకపోతే అది ఊపిరి గొట్టాలను బిగిస్తుంది, ఛాతీలో పిల్లికూతలు పూర్తిగా తగ్గాక, మానిటర్ మీద ఉంచి మొదలుపెడతారు. ఆలస్యం చేస్తున్నారని అనుకోవద్దు.

నెల్లూరు_శ్రీ | నెల్లూరు | బుధవారం

అయితే మా పాపకి పోయిన ఏడాది డిగాక్సిన్ ఇచ్చారే? తప్పు మందు ఇచ్చారంటారా? చదివిన దగ్గర్నుంచి కడుపులో తిప్పుతోంది.

పిల్లల_గుండె_వైద్యుడు | హైదరాబాద్ | బుధవారం

కంగారుపడకండి. డెల్టా వేవ్ లేని పసివాళ్ళకు డిగాక్సిన్ ఇవ్వొచ్చు. 2012లో వచ్చిన సామిస్ అనే అధ్యయనంలో అలాంటి పిల్లలకు డిగాక్సిన్, ప్రొప్రనలాల్ పక్కపక్కన పోల్చి చూశారు. మళ్ళీ రావడంలో తేడా కనబడలేదు. పాత ఈసీజీ మీ దగ్గర ఉంటే డెల్టా లేదని మీ డాక్టరు చేత ఒకసారి నిర్ధారించుకోండి, చాలు.

తాతయ్య_తిరుపతి | తిరుపతి | గురువారం

మా మనవడికి నీలిబిడ్డ ఆపరేషన్ అయింది, టెట్రాలజీ. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. ఆ రాత్రే ఐసీయూలో గుండె వేగం 200 దాటి, బీపీ పడిపోయింది. బిడ్డ కింద చల్లని పరుపు వేసి ఒళ్ళంతా చల్లబరిచారు. జ్వరం లేని బిడ్డను ఎందుకు చల్లబరుస్తున్నారో మాకెవరికీ అర్థం కాలేదు, అడిగే ధైర్యమూ లేదు. మూడో రోజుకి సర్దుకుంది. ఇప్పుడు బాగున్నాడు. ఇది కూడా ఎస్‌వీటీయేనా బాబూ? పెద్దయ్యాక మళ్ళీ వస్తుందా?

పిల్లల_గుండె_వైద్యుడు | హైదరాబాద్ | గురువారం

తాతగారూ, మీరు చెప్పిన దాన్నిబట్టి అది జెట్ అయి ఉంటుంది, జంక్షనల్ ఎక్టోపిక్ టాకీకార్డియా. ఇది వేరే రకం. టెట్రాలజీలో గుండె గదుల మధ్య రంధ్రం మూసేటప్పుడు కుట్లు ఏవీ నోడ్ పక్కనే పడతాయి. ఆ వాపుకి నోడ్ దగ్గరి కణాలు తమంతట తామే వేగంగా కొట్టడం మొదలుపెడతాయి. తిరుగుడు కాదు కాబట్టి అడెనోసిన్‌కీ షాక్‌కీ లొంగదు. ఆపరేషన్ అయిన మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువగా వస్తుంది.

ఒళ్ళు చల్లబడితే ఆ కణాల వేగం తగ్గుతుంది, అందుకే చల్లని పరుపు. గుండెను ఉద్రేకపరిచే మందులు తగ్గిస్తారు, మత్తు పెంచుతారు, మెగ్నీషియం సరిచూస్తారు, అమియోడరోన్ ఇస్తారు. ఆపరేషన్‌లోనే పైగదులకు తగిలించి ఉంచిన సన్నని తీగలతో పేస్ చేస్తారు, అంటే బయటి నుంచి కరెంటు ఇచ్చి గుండెను నడిపిస్తారు. ఆ కొన్ని రోజులు గడిస్తే తగ్గిపోతుంది. ఆపరేషన్ తర్వాత వచ్చిన ఈ జెట్ సాధారణంగా మళ్ళీ రాదు. మనవడికి టెట్రాలజీ కోసం జీవితాంతం చూపించుకోవడం మాత్రం మానొద్దు. పెద్దయ్యాక వేరే లయ ఇబ్బందులు రావచ్చు, హోల్టర్ అప్పుడప్పుడు పెడతారు.

మీకు ఎవరూ చెప్పలేదన్న మాట బాధ కలిగించింది. అలాంటి రాత్రి ఒక నిమిషం కుటుంబంతో మాట్లాడాల్సిన బాధ్యత మాది.

తాతయ్య_తిరుపతి | తిరుపతి | గురువారం

చల్లగా ఉండు నాయనా.

ప్రవాసి_తల్లి | డల్లాస్ | గురువారం

మా అబ్బాయికి 14. చేతి గడియారం "గుండె వేగం ఎక్కువ" అని హెచ్చరిక పంపింది, కూర్చుని ఉండగా 190. డాక్టరుకి చూపిస్తే ఆ గడియారంలోని ఈసీజీ 22 ఏళ్ళు దాటినవాళ్ళకే అనుమతి పొందిందన్నారు. మరి పక్కన పడేయమంటారా?

యంత్రాల_మూర్తి | గుంటూరు | గురువారం

అనుమతి 22 దాటినవాళ్ళకే అన్నది నిజం. దాని అర్థం, గడియారం తనంతట తాను "మామూలు లయ" అనో "ఏట్రియల్ ఫిబ్రిలేషన్" (పైగదులు క్రమం లేకుండా కొట్టుకోవడం) అనో రాసే తీర్పును పిల్లల విషయంలో లెక్కలోకి తీసుకోవద్దని. ఈసీజీ గీత పడిందంటే ఆ గీతను డాక్టరు చూడొచ్చు. మణికట్టు కింద వెలిగే పచ్చలైటు రక్తప్రవాహాన్నే చూస్తుంది, పరుగులో, చెమటలో తప్పులు ఎక్కువ. మీ అబ్బాయి కూర్చుని ఉన్నాడు అన్నారు కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు. ఆ గీతను పీడీఎఫ్‌గా పంపి, అసలైన ప్యాచ్ రికార్డరు అడగండి.

ఈ సందర్భంలో చెప్పాలనిపించింది. హోల్టర్ అనేది మనిషి పేరు, అమెరికాలోని మోంటానాకు చెందిన నార్మన్ జెఫరిస్ హోల్టర్. 1940ల చివర్లో ఆయన తయారుచేసిన మొదటి పరికరాన్ని వీపున మోయాలి, బరువు దాదాపు 38 కిలోలు. ఇప్పుడు నెలన్నర పసివాడి ఛాతీ మీద అతికించేంత అయింది. ఆ పెట్టెలను రోజూ విప్పి బాగుచేసే నాకు అది తలచుకున్నప్పుడల్లా ఆయన మీద గౌరవం కలుగుతుంది.

నల్గొండ_టీచరమ్మ | నల్గొండ | శుక్రవారం

మా స్కూల్లో ఏడో తరగతి అమ్మాయి పరుగు పందెంలో ఉరుకుతూ ఉరుకుతూ ముందు చేతులు కూడా అడ్డం పెట్టుకోకుండా పడిపోయింది. అర నిమిషంలో లేచింది. ఎండదెబ్బ అనుకున్నాం, వాళ్ళ అమ్మకి చెప్పాం. చిన్నప్పుడు వాళ్ళ మేనమామ చెరువులో ఈదుతూ చనిపోయాడట, ఈత బాగా వచ్చినవాడే. ఈ చర్చ చదువుతుంటే మనసు కీడు శంకిస్తోంది.

పిల్లల_గుండె_వైద్యుడు | హైదరాబాద్ | శుక్రవారం

టీచరమ్మా, ఇది ఈరోజే కదలాల్సిన విషయం. పైన మాట్లాడుకున్న ఎస్‌వీటీ చాలావరకు ప్రాణం తీసేది కాదు. మీరు చెప్పింది వేరు. పరుగులో, ఈతలో, గట్టి భయంలో ఉన్నట్టుండి స్పృహ తప్పడం, కుటుంబంలో ఒకరు చిన్న వయసులో నీళ్ళలో చనిపోవడం, ఈ రెండూ కలిస్తే కింది గదుల నుంచి వచ్చే ప్రమాదకరమైన లయలను వెతకాలి. లాంగ్ క్యూటీ, సీపీవీటీ అనే జన్యు వ్యాధులు. లాంగ్ క్యూటీలో ఒక రకం ఈతలో బయటపడుతుంది, ఇంకో రకం అలారం లాంటి ఉలికిపాటు శబ్దానికి. సీపీవీటీలో ఐతే పడుకుని తీసిన ఈసీజీ, ఎకో రెండూ బాగానే ఉంటాయి. ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చూస్తేనే బయటపడుతుంది. చాలామందిని మూర్ఛ అని ఏళ్ళతరబడి మందులు తాగించిన సందర్భాలున్నాయి.

గుండె డాక్టరు చూసేదాకా ఆ అమ్మాయిని పరుగులో, ఈతలో దించొద్దు. మేనమామ సంగతి డాక్టరుకి తప్పక చెప్పించండి, తల్లికి, తోబుట్టువులకు కూడా ఈసీజీ తీస్తారు. మళ్ళీ పడిపోయి, పిలిస్తే పలకకుండా, ఊపిరి సరిగ్గా లేకుండా ఉంటే నీళ్ళు చల్లుతూ ఆగొద్దు. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ, ఇంకొకరి చేత 108కి ఫోన్ చేయించాలి.

నల్గొండ_టీచరమ్మ | నల్గొండ | శుక్రవారం

వాళ్ళ నాన్నతో మాట్లాడాను. సోమవారం దాకా ఆగడం లేదు, రేపు పొద్దున్నే హైదరాబాద్ తీసుకెళ్తున్నారు. పీటీ సారుకి రాతపూర్వకంగా ఇచ్చాను.

బెంగళూరు_కడపమ్మాయి | బెంగళూరు | శనివారం

ఒక్క మాట చెప్పి వెళ్తాను. నాకు ఏడో నెల స్కానింగ్‌లోనే పాప గుండె 230 అని దొరికింది, ఒంట్లో నీరు కూడా చేరింది. మందు పాపకు చేరాలంటే నేను వేసుకోవాలి కాబట్టి నన్ను చేర్చుకుని, రోజూ నా ఈసీజీ తీస్తూ మాత్రలు ఇచ్చారు. కడుపులోనే తగ్గింది. నెలలు నిండాకే పుట్టింది. గర్భిణులెవరైనా చదువుతుంటే భయపడకండి, దీనికి దారి ఉంది.

చిన్నూవాళ్ళమ్మ | రాజమండ్రి | ఆదివారం

పిల్లికూతలు తగ్గాక ప్రొప్రనలాల్ మొదలుపెట్టారు. హోల్టర్‌లో మందు వేశాక మళ్ళీ రాలేదు. రేపు ఇంటికి పంపిస్తామన్నారు. మూడు ప్రశ్నలు. ఇంట్లో పెట్టుకోవడానికి మా మరిది ఆన్‌లైన్‌లో క్లిప్పు మిషన్ కొంటానంటున్నాడు, కొనమనాలా? ఇది వాడికి జీవితాంతం ఉంటుందా? అబ్లేషన్ ఎప్పుడు?

పిల్లల_గుండె_వైద్యుడు | హైదరాబాద్ | ఆదివారం

పెద్దవాళ్ళ వేలి క్లిప్పు పసివాడి పాదానికి సరిగ్గా కూర్చోదు, తప్పుడు అంకెలతో మీ నిద్ర పోతుంది. దాని బదులు ఒక మామూలు స్టెతస్కోపు కొనండి. సిస్టర్ దగ్గర వినడం నేర్చుకోండి. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి, పాలు తాగి పడుకున్నాక. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. లెక్కపెట్టలేనంత వేగంగా ఉంటే అదే జవాబు, బయల్దేరండి. కారణం లేకుండా పాలు వదిలేసినా, చిరాకుపడుతూ పాలిపోయినా అప్పుడు కూడా వినండి.

పసితనంలో వచ్చిన ఎస్‌వీటీ చాలామందిలో ఏడాది నిండేసరికి నిమ్మళిస్తుంది. మందు కూడా అప్పటిదాకా ఇచ్చి, ఆపి చూస్తారు. కొందరిలో బడికి వెళ్ళే వయసులో మళ్ళీ తలెత్తుతుంది. చిన్నూకి డెల్టా వేవ్ ఉంది కాబట్టి మందు ఆపినా పరీక్షలు ఆపకూడదు. ఆ పక్కదారి ఎంత వేగంగా కరెంటు పంపగలదో పెద్దయ్యాక తేల్చుకోవాలి. అబ్లేషన్ అంటే తొడ దగ్గరి సిర నుంచి సన్నని తీగ పంపి ఆ పక్కదారిని వేడితో కాల్చేయడం. మందులకు లొంగని పరిస్థితి వస్తే తప్ప 15 కిలోల బరువు వచ్చేదాకా ఆగుతాం. పదిమందిలో తొమ్మిది మందికి పైగా నయమవుతుంది. దారి ఏవీ నోడ్‌కి దగ్గరగా ఉంటే నోడ్ దెబ్బతిని పేస్‌మేకర్ అవసరమయ్యే ప్రమాదం కొద్దిగా ఉంది. అలాంటి చోట వేడి బదులు గడ్డకట్టించే క్రయో వాడతారు.

ఓరుగల్లు_నాన్న | వరంగల్ | ఆదివారం

అబ్లేషన్ రోజు వచ్చినప్పుడు ఖర్చు గురించి ముందే అడుగుండ్రి. ఆరోగ్యశ్రీ ఉన్న ఆసుపత్రిల ఆరోగ్యమిత్ర అని కూసుంటరు, మీ దిక్కు పథకం పేరు మారింది గని మనిషి ఉంటడు. ఏం వర్తిస్తది, ఏం వర్తించది, కాగితం మీద రాయించుకోవాలె. స్ట్రిప్పులన్నీ ఒక ఫైల్ల పెట్టి, ఫోన్ల కూడ ఫొటోలు ఉంచుకోండి. థర్మల్ కాగితం మీది గీతలు రెండేండ్లకే వెలిసిపోతయి. మావి సగం వెలిసిపోయినయి.

ఐసీయూ_సిస్టర్ | విశాఖపట్నం | ఆదివారం

ఇంటికెళ్ళే ముందు ఇంకొకటి అమ్మా, డిశ్చార్జి హడావుడిలో చెప్పడం మర్చిపోతుంటారు. ప్రొప్రనలాల్ ఎప్పుడూ పాలు పట్టేటప్పుడో, పట్టిన వెంటనేనో వేయాలి. ఖాళీ కడుపు మీద పసివాళ్ళకు రక్తంలో చక్కెర పడిపోతుంది. పైగా చక్కెర పడిపోయినప్పుడు వచ్చే వణుకును, దడను ఈ మందు కనబడనివ్వదు. మళ్ళీ జలుబు చేసి పాలు మానేసినా, వాంతులు, విరేచనాలు పట్టుకున్నా ఆ పూట మోతాదు మీకు మీరుగా వేయకుండా ముందు డాక్టరుకి ఫోన్ చేయండి. వేసిన కాసేపటికే కక్కేస్తే రెండోసారి వేయొద్దు. రాత్రి ఎక్కువసేపు పడుకున్నాడని ముచ్చటపడి పాలు లేకుండా వదలొద్దు, లేపి పట్టండి. మందు సీసా మీద ఎంఎల్‌కి ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది. కొత్త సీసా కొన్నప్పుడల్లా అది పాతదానితో సరిపోయిందో లేదో చూసుకోండి. మీ ఊళ్ళో అదే సీసా దొరక్కపోతే దుకాణంవాళ్ళు ఇచ్చినది తీసుకోకుండా వార్డుకి ఫోన్ చేయండి.

చిన్నూవాళ్ళమ్మ | రాజమండ్రి | ఆదివారం రాత్రి

సీసా మీద అంకె రాసుకున్నాను సిస్టర్. రాత్రి రెండు గంటలకు, ఐదు గంటలకు అలారం పెట్టుకున్నాను, పాలకి. స్టెతస్కోపు మా మరిది కొనుక్కొచ్చాడు. అత్తగారు, నేను ఇద్దరం వినడం నేర్చుకున్నాం. ఇవాళ సాయంత్రం ఇద్దరికీ 132 వచ్చింది, మానిటర్ మీద 134 ఉంది.